మా ఋణాలు, మా తప్పులు

పోయిన క్రిస్మస్ సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న తగాదా జరిగింది. హైదరాబాదు నుంచి మా చెల్లెలి మనవరాలు వచ్చింది. రాత్రి భోజనాలకు ముందు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పమన్నాను. ఆ పిల్ల తెలుగులో మొదలుపెట్టింది. మా మనవడు కన్నడంలో అందుకున్నాడు. వాడి బడి కన్నడం, ఆదివారం చర్చి కన్నడం. పాపం, వాడికి నోటికి వచ్చింది అదే. క్షమాపణ అడిగే చోటికి వచ్చేసరికి ఆ పిల్ల “ఋణములు” అంది. వీడు “తప్పు” అన్నాడు. అంతే, ప్రార్థన ఆగిపోయింది.

“నువ్వు చెప్పింది తప్పు” అంది పిల్ల.

“ఔను, తప్పే! నేను చెప్పింది అదే కదా” అన్నాడు వీడు.

నవ్వు ఆపుకుని ఇద్దరిదీ సరైనదే అని సర్దిచెప్పాను గానీ, ఆ పిల్ల వదిలితేనా! “అమ్మమ్మా, అయితే మనం దేవుడికి అప్పు ఉన్నామా? ఎంత?” అని అడిగింది. అన్నం చల్లారిపోతోందని చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం వైపు ఇళ్ళ సంగతి మీలో చాలామందికి తెలుసు. 2007 దాకా కోలారు జిల్లాలో ఉండి, ఆ ఏడు వేరు జిల్లా అయిన ప్రాంతం ఇది. ఇంట్లో తెలుగు, బస్సు బోర్డు మీద కన్నడం. అమ్మతో ఒక భాష, తాలూకా ఆఫీసులో ఇంకో భాష. మా చింతామణి తాలూకా కైవారంలోని నారాయణప్ప తాతయ్య రెండు భాషల్లోనూ తత్వాలు చెప్పాడు, రెండు భాషలవాళ్ళూ ఆయన్ని మావాడే అంటారు. మా వంటి క్రైస్తవ కుటుంబాల్లోనూ అదే తీరు. పెట్టెలో ఉన్న తాతల నాటి బైబిలు తెలుగుది. ఆదివారం చేతికిచ్చే పాటల పుస్తకం కన్నడానిది. హోసూరులోనో, బళ్ళారిలోనో, మద్రాసులోనో ఉన్నవాళ్ళకు ఈ అవస్థ నేను వివరించనక్కరలేదు.

ఇంతకీ ఎవరి మాట సరైనది? మత్తయి సువార్త గ్రీకు మూలంలో ఉన్నది అప్పు అనే మాటే. తెలుగు బైబిలు దాన్ని ఉన్నదున్నట్టు ఋణం అంది. కన్నడంలో అప్పును “సాల” అంటారు. అక్కడ అనువాదకులు ఆ మాట వాడకుండా భావం తీసుకుని “తప్పు” అన్నారు. ఇంగ్లీషులోనూ ఈ చీలిక ఉంది. కింగ్ జేమ్స్ బైబిలులో మత్తయి దగ్గర “డెట్స్” అని ఉంటే, ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో “ట్రెస్‌పాసెస్” అని ఉంటుంది. లూకా సువార్తలో ఇంకా చిత్రం. అక్కడ మనం దేవుణ్ణి క్షమించమనేది పాపాలను, మనం క్షమించేది మాత్రం మనకు బాకీ ఉన్నవాళ్ళను. తెలుగులో ఆ చోట “అచ్చియున్న” అనే పాత మాట వేశారు. అచ్చి ఉండటమంటే బాకీ పడి ఉండటం. మా అవ్వ దాకా తెలిసిన మాట అది. యేసు మాట్లాడిన అరామిక్ భాషలో “హోబా” అనే ఒక్క మాటకే అప్పు, పాపం అనే అర్థాలు రెండూ ఉన్నాయి. కనుక మా పిల్లలిద్దరూ సగం సగం పంచుకున్నారన్న మాట.

అయితే ఒకటి చెప్పాలి. “తప్పు” అని ప్రార్థించడం తేలిక. నన్నెవరో ఓ మాట అన్నారు, నేను మనసులో మరచిపోయాను, అక్కడితో సరి. “ఋణం” అంటే అంత తేలికగా వదలదు. అందులో అంకె ఉంటుంది, తారీఖు ఉంటుంది. అందులోనూ మా వైపు అప్పంటే ఆషామాషీ మాట కాదు. కన్నడంలో “జీత” అంటే అప్పు కింద మనిషి మరొకరి ఇంట్లో కట్టుబడి చాకిరీ చేయడం. తెలుగులో జీతమంటే నెల తిరిగేసరికి చేతికొచ్చే డబ్బు. సరిహద్దులో ఉన్నందువల్ల మాకు ఆ రెండు అర్థాలూ తెలుసు. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఏడే ఇక్కడ దేవరాజ్ అర్స్ ప్రభుత్వం బీదల అప్పులకు విమోచన చట్టం తెచ్చింది. కాగితం మీద రద్దయినవన్నీ మనుషుల మధ్య రద్దయ్యాయా అంటే, అది వేరే సంగతి.

యేసు చెప్పిన కథ ఒకటుంది, మత్తయి 18వ అధ్యాయంలో. రాజుకు పదివేల తలాంతులు అచ్చి ఉన్న దాసుడికి రాజు మొత్తం వదిలేస్తాడు. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సిన తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారం ఒక రోజు కూలి. తలాంతు ఆరు వేల దేనారాలు. అంటే రాజు వదిలింది 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని చేసినా 2 లక్షల ఏళ్ళు పడుతుంది! దాని ముందు నూరు దేనారాలు ఏపాటివని బోధకులు చెబుతుంటారు. నాకు అక్కడే పేచీ. నూరు రోజుల కూలి చిన్న మొత్తమా? కూలికి పోయే ఇంట్లో అడిగి చూడండి. చిన్నదైతే వదలడంలో గొప్పేముంది? చిన్నది కాదు గనుకనే కథ కష్టంగా ఉంది.

ఇక నా సంగతి.

రెండేళ్ళ కింద మా అమ్మ పోయాక, అటక మీది ట్రంకు పెట్టె దించాం. ఎల్.ఐ.సి. రసీదుల మధ్య ఒక ప్రోనోటు దొరికింది. కన్నడంలో అచ్చయిన ఫారం, ఖాళీల్లో మా నాయన చేతిరాత, కింద రెవెన్యూ స్టాంపు మీద ఎడమ బొటనవేలి ముద్ర. 1986. రెండు వేల రూపాయలు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. తీసుకున్నది చేలూరు దగ్గరి మా పల్లెలో మూడిళ్ళ అవతలి ఆయన, బోరు వేయించడానికి. బోరులో దుమ్ము తప్ప నీళ్ళు పడలేదు. ఆనాటి లెక్కన ఆ డబ్బు నూరు రోజుల కూలికి పైమాటే. బడిపంతులు మా నాయనకూ అది చిన్న సొమ్ము కాదు.

మా నాయన ఆ డబ్బు ఎప్పుడూ అడగలేదు. మూడేళ్ళకోసారి నోటు తిరగరాయించుకోకపోతే కాలదోషం పడుతుందని ఆయనకు బాగా తెలుసు. అయినా తిరగరాయించలేదు. “అడిగినామా వాణ్ణి? ఒక్క మాట అన్నామా?” అని అమ్మతో అనేవాడు. ఆ మాటలో కొంచెం గర్వం ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అడగలేదు సరే. వదిలేశానని కూడా చెప్పలేదు. నోటు చింపలేదు. పెట్టెలో దాచాడు.

నేను అప్పుడు బి.ఎ. చదువుతున్నాను. ఆయన మా వీధి వదిలి చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి పోవడం నాకు గుర్తుంది. గురువారం రాత్రి మా ఇంట్లో జరిగే ప్రార్థనకు ముందు వరసలో కూర్చునేవాడు, మానేశాడు. తర్వాత ఆదివారం చర్చికీ రాలేదు. విశ్వాసంలో వెనకబడ్డాడని పెద్దలు అనుకున్నారు. మేమూ అలాగే అనుకున్నాం.

పిల్ల అడిగిన ప్రశ్న తర్వాత ఆ కాగితం పెట్టెలో ఉంచడం నా వల్ల కాలేదు. మనిషి ఎప్పుడో పోయాడు. కొడుకు చింతామణి దగ్గర నేల కౌలుకు చేస్తూ టమాటా పండిస్తున్నాడని తెలిసి, ఈ వేసవిలో వెళ్ళాను. అతని ఎదురుగా చింపేసి, నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామని నా ఉద్దేశం. దారిలో ఆ మాటలు కూడబలుక్కున్నాను కూడా.

కాఫీ ఇచ్చారు. కాగితం తీసి చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

“గురువారం మీ ఇంటికి వచ్చేవాడు కదక్కా. అక్కడ తెలుగులో ప్రార్థన. ఋణములు అనే మాట వస్తానే అందరూ తన దిక్కే చూసినట్లు ఉండేదంట. మీ నాయన గొంతు పెద్దది కదా. ఆ మాట ఇంకా గట్టిగా అన్నట్టు వినపడేదని మా అమ్మతో చెప్పేవాడు.”

మా నాయన గొంతు పెద్దదే. ఏ మాటనైనా గట్టిగానే అనేవాడు. ఆ సంగతి అతనికి చెప్పాను. చెప్పి ప్రయోజనమేమిటో నాకే తెలియలేదు. నోటు చింపబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దక్కా. నువ్వు చించేస్తే మా నాయన అప్పు ఎగ్గొట్టినోడే అవుతాడు. నేను కట్టేస్తే తీర్చినోడు అవుతాడు.”

నాకు నోట మాట రాలేదు. ఉదారంగా ఇచ్చి రావాలని పోయినదాన్ని, పుచ్చుకోవాల్సి వచ్చింది. అతను లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చాడు. వడ్డీ లెక్క వేశాడు, తొమ్మిది వేలు దాటింది. వడ్డీ వద్దని నేను, ఇవ్వాల్సిందేనని అతను. చివరికి అసలు రెండు వేలూ, ఒక బుట్ట టమాటాలూ తీసుకునేట్టు ఒప్పందమైంది. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ చెప్పలేను. క్షమించడమంటే ఎప్పుడూ మనం పైన నిలబడి వదిలేయడమే అనుకుంటాం. ఎదుటివాడికి తీర్చే అవకాశం ఇవ్వడం కూడా అందులో ఉందేమోనన్నది మాత్రం నాకు ఆ వేళే తట్టింది. మా నాయన ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే, లేదా వదిలేశానని ఒక్కసారి చెప్పి ఉంటే, ఆ మనిషి చెరువుకట్ట మీదుగా తిరిగేవాడు కాదు.

లేచే ముందు ప్రార్థన చేయమని అతని భార్య అడిగింది. ఏ భాషలో చేయాలో ఒక క్షణం తోచలేదు. తెలుగులోనే చేశాను. ఆ మాట దగ్గర గొంతు తగ్గిందని ఒప్పుకుంటున్నాను.

“ఇప్పుడన్నా చించెయ్యమ్మా” అని కాగితం అతని చేతికిచ్చాను. చించలేదు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ళ నాయన ఫోటో ఒక్కటీ లేదట. ఆ వేలిముద్ర ఒక్కటే ఉంది అన్నాడు.

మూడున్నర బస్సుకు తిరిగి వచ్చాను. టమాటాల బుట్టకు కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు.