ఇంటర్వెల్ కబుర్లు: ఒకటే పళ్లెం, మూడు చేతులు

మన సినిమాల్లో భోజనం సీన్లు ఎప్పుడైనా గమనించారా? హీరో ముద్ద కలుపుతాడు. నోటిదాకా తీసుకెళ్తాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది, లేదా విలన్ మనుషులు తలుపు తన్నుతారు. ముద్ద కంచంలో, హీరో వీధిలో! ఇన్నేళ్ల మన సినిమాలో కడుపునిండా తిన్నవాడు ఎవరయ్యా అంటే నాకు గుర్తొచ్చేది ఘటోత్కచుడే. 'మాయాబజార్' (1957)లో పెళ్లి వంటకాలన్నీ ఎస్.వి. రంగారావు గారు లాగించేసే తీరు చూస్తే, ఇంట్లో తినివచ్చి కూర్చున్న ప్రేక్షకుడికి కూడా మళ్లీ ఆకలేస్తుంది.

అయితే ఒక్క మాట. అంత గొప్ప భోజనమూ ఆయన ఒంటరిగానే చేశారు. కంచంలో ఇంకో చెయ్యి లేదు. ఈ వారం కబుర్లు ఆ ఇంకో చెయ్యి గురించి.

* * *

మా చిన్నాయిన కొడుకు అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటాడు. లాల్‌దర్వాజ బోనాలకని ఈసారి వచ్చాడు. వచ్చింది బోనాలకే అయినా, సూట్‌కేసులో ఇంకో పని కూడా పెట్టుకొచ్చాడు. లాల్‌దర్వాజలోని పాత ఇల్లు అమ్మేసి, తండ్రిని తనతో తీసుకుపోవాలని. చిన్నమ్మ పోయి నాలుగేళ్లయింది. ముసలాయన ఒక్కడే ఆ ఇంట్లో ఎట్లా ఉంటాడని వాడి బాధ. వాడి బాధ అబద్ధం కాదు. కానీ మా చిన్నాయిన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. పుట్టింది ఆ ఇంట్లోనే. "బండి పాతదైతే బాగు జేస్కుంటరుగాని, అమ్ముకుంటరారా?" అన్నాడు. అంతే, మాటలు బందు.

మూడు రోజులు ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. "మీ తమ్మునికి జెప్పు, చాయ్ సల్లారిపోతున్నదని." "అన్నా, నాయినకు జెప్పు, నాకు చాయ్ వద్దని." మధ్యలో నేను డబ్బింగ్ ఆర్టిస్టుని!

నాలుగో రోజు రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మా తమ్ముడు వాళ్ల ఊరి హోటల్ కబుర్లు మొదలుపెట్టాడు. వినండి, చెబుతాను.

అక్కడ బెలేర్ అని ఓ పెద్ద రోడ్డుంది. దాని పొడుగునా వియత్నాం వాళ్ల హోటళ్లు. బల్ల మీద గుడ్డ ఉండదు, కాగితం పరుస్తారు. ప్లేటు ఉండదు, స్పూను ఉండదు. మెడకి ఓ ప్లాస్టిక్ గుడ్డ కట్టుకోవాలి, పసిపిల్లలకి ఉగ్గు పెట్టేటప్పుడు కట్టినట్టు. కాసేపటికి పొగలు కక్కే సరుకు తెచ్చి ముందు పెడతారు. రొయ్యలు, పీతలు, మొక్కజొన్న ముక్కలు, ఆలుగడ్డలు, వాటితోపాటు క్రాఫిష్ అనే జీవి. చూడ్డానికి రొయ్యకి పెదనాన్నలాగా, పీతకి మేనల్లుడిలాగా ఉంటుందట. తలా తోకా పట్టుకుని మెలితిప్పాలి. తలలో ఉన్న రసం జుర్రుకోవాలి. తోక మీది పెంకు ఒలిచి లోపలి కండ నోట్లో వేసుకోవాలి. వెన్న, వెల్లుల్లి, కారం మోచేతి దాకా కారుతుంటే ఎవరూ సిగ్గుపడరు. అందరి చేతులూ అట్లాగే ఉంటాయి కదా!

"శనివారం వస్తే దోస్తులందరం ఆడికే పోతమన్నా. ఆ బల్ల మీద కూసుంటే ఫోను ముట్టుకోనీకి రాదు. చేతులన్నీ మసాలనే. అందుకే మనిషి మనిషితోని మాట్లాడుతడు."

ఈ మాట నాకు భలే నచ్చింది. వాడు నిద్రపోయాక ఈ తిండి కథేమిటో వెతికాను. చూద్దును కదా, అందులో ఓ పెద్ద సినిమా కథే ఉంది!

* * *

ఫస్టు రీలు 1755లో. కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా ప్రాంతంలో అకాడియన్లని ఫ్రెంచి మాట్లాడే జనం ఉండేవారు. బ్రిటిష్ వాళ్లు వాళ్లని ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. చెల్లాచెదురైన వాళ్లలో కొందరు చివరికి లూసియానా బురద నేలలకి చేరారు. అకాడియన్ అనే మాట నోళ్లలో నలిగి నలిగి 'కేజన్' అయింది. పొలం పోయింది, ఊరు పోయింది. బురదలో దొరికిన క్రాఫిష్‌నే పెద్ద గుండిగల్లో కారం వేసి ఉడికించి, బల్ల మీద కుమ్మరించుకుని, ఊరంతా చుట్టూ నిలబడి తినడం నేర్చుకున్నారు.

ఇంటర్వెల్ తర్వాత కథ 1975కి వస్తుంది. ఏప్రిల్ నెలాఖరులో సైగాన్ పడిపోయింది. వియత్నాం నుంచి లక్షలమంది కట్టుబట్టలతో బయలుదేరారు. వాళ్లలో చాలామంది టెక్సాస్, లూసియానా తీరాలకి చేరి రొయ్యల వేటలో దిగారు. అదే ఉక్క, అదే సముద్రం, చేతికి అలవాటైన అదే వల. ఇది అక్కడి పాత వేటగాళ్లలో కొందరికి కంటగింపు అయింది. ముసుగులు వేసుకునే కూ క్లక్స్ క్లాన్ మూక రంగంలోకి దిగి బెదిరింపులు మొదలెట్టింది. వియత్నాం జాలర్లు కోర్టుకెక్కారు. 1981లో హ్యూస్టన్‌లోని ఫెడరల్ జడ్జి గాబ్రియెల్ మెక్డొనాల్డ్ క్లాన్ ఆగడాలకి అడ్డుకట్ట వేస్తూ ఉత్తర్వులిచ్చారు. ఆ జడ్జి నల్లజాతి మహిళ! మన రచయితలు రాసి ఉంటే క్లైమాక్స్ మరీ ఇట్లా కుదిరిందేమిటని మీరే నవ్వేవారు.

ఈ గొడవల మీద ఫ్రెంచి దర్శకుడు లూయి మాల్ 1985లో 'అలమో బే' అని నిజంగానే సినిమా తీశాడు. ఎడ్ హారిస్, ఏమీ మాడిగన్ నటించారు. దొరికితే చూడండి.

ఇక సినిమాలో లేని రీలు ఒకటుంది. కేజన్ల గుండిగలో వియత్నాం వాళ్లు చెయ్యి పెట్టారు. కేజన్ల పద్ధతిలో కారమంతా ఉడికే నీళ్లలోనే వేస్తారు. వియత్నాం వాళ్లు ఉడికించి తీశాక, వెల్లుల్లి దట్టించిన వేడి వెన్నలో మళ్లీ ఓ పొర్లు పొర్లించారు. కొందరు నిమ్మగడ్డి వేశారు, కొందరు నారింజ రసం పిండారు. అదే వియత్-కేజన్. 2004లో కాలిఫోర్నియాలోని గార్డెన్ గ్రోవ్‌లో 'బాయిలింగ్ క్రాబ్' అనే హోటల్ మొదలై ఊరూరా కొమ్మలు వేసింది. అంటే ఏమిటి? ఊళ్లు పోగొట్టుకున్న రెండు జాతులు ఒకే గుండిగ దగ్గర కలుసుకుంటే పుట్టిన వంట అన్నమాట.

* * *

మర్నాడు పొద్దున తమ్ముడు పట్టుబట్టాడు. "అన్నా, అసువంటిది మన హైదరాబాద్‌ల లేదా?" పాతబస్తీలో ఎక్కడుంటుంది? కొత్త సిటీలో ఓ హోటల్లో ఉందని తెలిసి, చిన్నాయిన్ని బతిమాలి ముగ్గురం వెళ్లాం. ఏసీ, ఎర్ర లైట్లు, ఇంగ్లీషు పాటలు. ముగ్గురికీ మెడలో గుడ్డలు కట్టారు. చిన్నాయిన అద్దంలో చూసుకుని, "ఏందిరా, సెలూన్ల కూసోబెట్టినట్టున్నది" అన్నాడు. చేతులకి తొడుగులిచ్చారు. మనిషికో సంచి, విడివిడిగా తెచ్చారు. రుచికి వంక పెట్టను. రొయ్య రొయ్యలాగే ఉంది, వెన్న వెన్నలాగే ఉంది. కానీ ఎవరి సంచిలో వాళ్లు తలదూర్చి, తొడుగుల చేతులతో, మాటాపలుకూ లేకుండా తిని లేచాం. బిల్లు తమ్ముడు కట్టాడు. అప్పుడు కూడా చిన్నాయిన నాతోనే అన్నాడు, "మీ తమ్మునికి జెప్పు. రేపు నేను దీస్కపోత, బిల్లు నాది."

* * *

తీసుకుపోయింది ఎక్కడికనుకున్నారు? బార్కాస్‌కి! లాల్‌దర్వాజ నుంచి ఫలక్‌నుమా మీదుగా చాంద్రాయణగుట్ట దాటితే వస్తుంది. నిజాం ఫౌజులో పనిచేయడానికి యెమెన్ దేశంలోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వాళ్ల బ్యారక్సులు ఉన్నచోటే జనం నోట్లో పడి 'బార్కాస్' అయింది. అకాడియన్ 'కేజన్' అయినట్టే! ఇప్పటికీ అక్కడ లుంగీ కట్టి తిరిగే చావూష్‌లు కనిపిస్తారు. పొద్దున్నే వెళ్తే హరీస్ దొరుకుతుంది. మన హలీమ్‌కి అది అమ్మమ్మ. బార్కాస్ జామపండ్ల సంగతి ఎటూ మీకు తెలుసు.

1948 తర్వాత నిజాం ఫౌజు లేదు. 1970ల నుంచి గల్ఫ్‌లో కొలువులు దొరికాయి, కుర్రాళ్లు అటు వెళ్లారు. గల్ఫ్, పాతబస్తీ అనగానే సినిమా చూసేవాళ్లకి 'బజార్' (1982) కన్నీళ్లే గుర్తొస్తాయి. అవి నిజం కన్నీళ్లే, కాదనను. కానీ వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు ఒక వంట కూడా తెచ్చారు. తాతల దేశపు మండీని మనవలు అట్లా దుకాణం పెట్టి అమ్మడం మొదలెట్టారు. ఇవాళ బార్కాస్ రోడ్డు మీద మండీ బోర్డులే బోర్డులు.

చెప్పులు విప్పి ఎక్కి, పరుపుల మీద గోడకానుకుని కూర్చోవాలి. మధ్యలో దస్తర్‌ఖాన్ పరిచి, దాని మీద పెద్ద పళ్లెం ఒక్కటే పెడతారు. అడుగున సన్నటి పొడుగు బియ్యపు అన్నం, మీద మాంసం, వేయించిన ఉల్లిపాయ, ద్రాక్ష, జీడిపప్పు. పక్కన టమాటా పచ్చడి, ఓ గిన్నెలో రసంలాంటి సూపు. అసలు పద్ధతి ఏమిటంటే, నేలలో తవ్విన గుంతలో నిప్పుల మీద బియ్యం గిన్నె పెట్టి, పైన మాంసం ఉంచి మూసేస్తారు. పైనుంచి కారే రసమంతా అన్నానికి పడుతుంది. మన బిర్యానీ అంత మసాలా ఉండదు. కారం కావాలంటే పచ్చడి కలుపుకోవాలి.

చిన్నాయిన చేప మండీ చెప్పాడు. "చేప పాతబస్తీకి కొత్తనా? మిరుగు నాడు దూద్‌బౌలిల బత్తినోళ్ల చేప మందుకు లైన్లు జూడలే నువ్వు?" అన్నాడు గోడకేసి చూస్తూ. (ఆ చేప ప్రసాదం ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇస్తున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు మందు మానకండేం!)

పళ్లెం వచ్చింది. ముగ్గురం మూడు దిక్కులా కూర్చున్నాం. ఇక్కడో ఇబ్బంది ఉంది చూశారూ... మనిషికో సంచి కాదు కదా. ఎవరి అంచు వాళ్లు తినుకుంటూ పోయినా చివరికి మధ్యలోకి రావాల్సిందే. చేప ఉన్నది మధ్యలోనే! రెండు ముద్దలయ్యాక తండ్రీకొడుకుల వేళ్లు ఒకే ముక్క దగ్గరికి వెళ్లి ఆగిపోయాయి. నేను ఊపిరి బిగబట్టాను. డబ్బింగ్ చెప్పడానికి డైలాగ్ లేదు.

చిన్నాయిన ఆ ముక్క తీసుకున్నాడు. తినలేదు. వేళ్లతో విడదీసి, ముళ్లు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు. బస్సు ఇంజన్లు విప్పిన వేళ్లు, ఇప్పుడు కొంచెం వణుకుతున్నాయి. శుభ్రం చేసిన కండని పళ్లెంలో వాడి వైపుకి జరిపాడు. నలభై దగ్గరపడుతున్న కొడుక్కి! చిన్నప్పుడు ఓసారి వాడి గొంతులో ముల్లు దిగి, ఆయన భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తడం నేను చూశాను. ఆ రోజు నుంచీ వాడి చేప ఆయనే ఒలిచేవాడు.

తమ్ముడు తల వంచుకుని తిన్నాడు. కాసేపటికి అన్నాడు: "నాయినా, గీళ్లు గూడ దేశం ఇడిసి వచ్చినోళ్లే గదా. ఊరు ఇడిసిండ్రుగాని పళ్లెం ఇడువలే. మనం గూడ గట్లనే పోదాం."

ఇన్ని రోజుల్లో తిన్నగా తండ్రితో అన్న మొదటి మాట అది. చిన్నాయిన ఇంకో ముల్లు ఏరుతూనే అన్నాడు: "పళ్లెం తెచ్చుకున్నరు బిడ్డా. ఎన్కకు ఎందరు ముసలోళ్లను ఇడిసి వచ్చిండ్రో, ఆ ముచ్చట పళ్లెంల కనవడదు."

"అందుకే నిన్ను ఇడిసి పోనంటున్న."

చిన్నాయిన జవాబివ్వలేదు. ఇంకో ముక్క ఒలిచి అటే జరిపాడు.

* * *

తర్వాత ఏమైందని అడుగుతారు, నాకు తెలుసు. సినిమాలైతే లైటు మారి, వెనక వయొలిన్లు మోగి, ఇల్లు అమ్మాలో వద్దో ఆ పళ్లెం దగ్గరే తేలిపోయేది. ఇక్కడ తేలలేదు. తమ్ముడు తిరిగి వెళ్లాడు. ఇల్లు అట్లాగే ఉంది. కాకపోతే చిన్నాయిన పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాడు. "పోయి జూసొస్తా, ఉండనీకి గాదు. ఆ క్రాఫిషో ఏందో, దానికి ముళ్లుంటయా?" అని నన్నడిగాడు. ముళ్లుండవు, పెంకే అన్నాను. "పెంకైతే వాడే ఒలుసుకుంటడు తియ్" అన్నాడుగానీ, మొహంలో కొంచెం నిరాశ కనిపించింది నాకు.

కాబట్టి కుర్రకారుకి ఈ వారం నా సలహా. ఇంట్లో ఎవరితోనైనా మాటలు ఆగిపోయి ఉంటే, ఖరీదైన హోటలూ వద్దు, మనిషికో ప్లేటూ వద్దు. బార్కాస్ అయినా సరే, బెలేర్ అయినా సరే, మీ ఇంటి వంటగది అయినా సరే... మధ్యలో ఒకటే పళ్లెం పెట్టించండి. ముళ్లున్న చేపైతే మరీ మంచిది.

ఇంటర్వెల్ అయిపోయింది. చేతులు కడుక్కుని రండి, వచ్చేవారం కలుద్దాం!