ఫార్మాట్ నొక్కొద్దు!

దాచేపల్లి, నడికూడి, చుట్టుపక్కల ఊళ్ల అన్నలకు, అక్కలకు, షాపుల వాళ్లకు మనవి.

కంప్యూటర్‌కి కొత్త విండోస్ ఎక్కించాక పాత హార్డ్ డిస్క్ తగిలిస్తే తెర మీద చిన్న డబ్బా ఒకటి లేస్తుంది. ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని ఇంగ్లీషులో అడుగుతుంది. కింద రెండే మీటలు: ఫార్మాట్ డిస్క్, క్యాన్సిల్. ఈ కాగితంలో పకోడీలు కట్టుకున్నా పర్లేదు గానీ, ఒక్క ముక్క గుర్తుంచుకోండి. క్యాన్సిల్ నొక్కండి, వైరు పీకండి, డిస్కు పక్కన పెట్టండి.

నాది బస్టాండ్ దగ్గర డీటీపీ పని. శుభలేఖలు, దినం కార్డులు, ఇలాంటి కరపత్రాలు. షాపు కంప్యూటర్‌కి విండోస్ 11 వేయించిన రోజే పన్నెండేళ్ల పని ఉన్న నల్ల డిస్కు పెట్టాను. డబ్బా లేచింది. ఎదురుగా ఇద్దరు గిరాకీ నిలబడి తొందర పెడుతున్నారు. చదవకుండా నొక్కేశా. నాలుగు సెకన్లలో ఆకుపచ్చ గీత ఆ చివరికి పోయింది. డిస్కు తెరిస్తే తెల్లగా ఉంది.

వారం తిరక్కుండా తంగెడ నుంచి ఓ పెద్దమ్మ వచ్చింది. "మా ఆయన సంవత్సరీకం అయ్యా, దినం కార్డుకి ఎక్కించిన ఫోటోనే వేసి పెట్టు" అంది. అసలు ఫోటో ఏదమ్మా అంటే, ఇల్లు కురిసి తడిసిపోయిందంది. డిస్కు గుంటూరు పట్టుకుపోయి రికవరీ చేయించా. బొమ్మలైతే వచ్చాయి, వాటి పేర్లు రాలేదు. అన్నీ అంకెలే. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని రెండు పూటలు ఎవరెవరి ముఖాలో చూసింది. చివరికి చొక్కా జేబులో కళ్లజోడు చూసి ఆయన్ని గుర్తుపట్టింది. నేను నొక్కింది క్విక్ ఫార్మాట్ కాబట్టి, ఆ తర్వాత డిస్కులో ఏమీ ఎక్కించలేదు కాబట్టి దొరికాయి. అదే పూర్తి ఫార్మాట్ అయితే విండోస్ డిస్కంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది. అప్పుడు గుంటూరు కాదు, ఎక్కడికెళ్లినా లాభం లేదు.

ఇంతకీ ఫార్మాట్ చెయ్యమని అడిగిన డిస్కు చెడిపోయిందనే ఏం లేదు. చాలాసార్లు కొత్త విండోస్‌కి దాన్ని చదవడం రాదు, అంతే. తనకు చదవరాని పలకని ఖాళీ పలక అనుకుంటుంది. ఆ డిస్కు మ్యాక్‌లో ఫార్మాట్ చేసింది కావచ్చు. కంపెనీ వాడి తాళం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవకపోవచ్చు. ఒక్కోసారి యూఎస్‌బీ పోర్టులో కరెంటు చాలక కూడా డిస్కు పైకి రాదు, వెనక పోర్టులో పెట్టి చూడండి. డిస్కుని దాని పై డబ్బాలోంచి ఊడదీసి కంప్యూటర్ లోపల బిగిస్తామనే వాళ్లతో జాగ్రత్త. కొన్ని రకాలకు తాళం ఆ డబ్బా సర్క్యూట్‌లోనే ఉంటుంది, ఊడదీస్తే ఏమీ చదవలేం.

ఇది మన ఊరి గోల మాత్రమే కాదు. 2013 అక్టోబర్‌లో యాపిల్ మ్యాక్‌లకు కొత్త మావెరిక్స్ సిస్టమ్ వచ్చినప్పుడు, డిస్కులు చేసే వెస్ట్రన్ డిజిటల్ కంపెనీయే తమ సాఫ్ట్‌వేర్ ఉన్న మ్యాక్‌లలో ఎక్స్‌టర్నల్ డ్రైవుల డేటా పోతోందని, ఆ సాఫ్ట్‌వేర్ తీసెయ్యమని కొనుగోలుదార్లకు కబురు పెట్టింది. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లు మింగేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. 2019 మేలో అయితే యూఎస్‌బీ డిస్కు తగిలించి ఉన్న కంప్యూటర్లకు అప్‌డేట్ ఎక్కకుండా తానే అడ్డం పెట్టింది, డ్రైవులకు పెట్టే డీ, ఈ లాంటి అక్షరాలు తారుమారవుతున్నాయని. కాబట్టి విండోస్ మార్చేటప్పుడు డిస్కులు, పెన్‌డ్రైవులు అన్నీ పీకేసి ఉంచండి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. అందుకే అందరూ ఒక్కసారిగా మార్పిస్తున్నారు. అంత కంగారక్కర్లేదు, నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. కల్లంలో కాయ పరిచినోడు మబ్బు పట్టకముందే పట్టా దగ్గర పెట్టుకుంటాడు. మనమూ మార్పించే ముందే ఇంకో డిస్కులోకి ఒక కాపీ తీసుకుందాం. పత్తి, మిరప కొట్ల వాళ్లు ట్యాలీ లెక్కల బ్యాకప్ అదే కంప్యూటర్‌లో దాస్తున్నారు. దాన్ని బ్యాకప్ అనరు.

సాటి డీటీపీ వాళ్లకు ఒక మాట. డిస్కు తెరుచుకున్నా ఫైలు తెరుచుకోకపోవచ్చు. మనం ఇంకా పేజ్‌మేకర్ 7 పట్టుకుని వేలాడుతున్నాం, అది 2001 నాటిది, దాని తర్వాత ఇంకోటి రాలేదు. అను ఫాంటు లేని కంప్యూటర్‌లో మన తెలుగంతా ఇంగ్లీషు పిచ్చిగీతలే. పాత విండోస్ బతికుండగానే ముఖ్యమైనవన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

ఈ ఆదివారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా మా షాపు ముందు బల్ల వేస్తున్నాం. పక్క ఫోటో స్టూడియో తమ్ముడూ ఉంటాడు. నెట్ కలపని పాత విండోస్ 7 పెట్టె ఒకటి, మ్యాక్ ఒకటి ఉంటాయి. కొత్త విండోస్‌లో తెరుచుకోని డిస్కులు తెచ్చుకోండి, కాపీ చేసి ఇస్తాం. డబ్బులు వద్దు. కాపీ ఎక్కించుకోడానికి ఖాళీ డిస్కు మాత్రం మీరే తెచ్చుకోవాలి. మీ పాత డిస్కుతో వచ్చిన వైరు కూడా తెండి, పాత డిస్కులకు ఒక్కోదానికి ఒక్కో రకం మూతి, మా దగ్గర అన్నీ లేవు.

ఇట్లు
బస్టాండ్ దగ్గర డీటీపీ పని చేసుకునే మీవాడు
దాచేపల్లి