దాచేది పెద్దలు, వెతికేది పిల్లలు

అమ్మో నాన్నో కనిపించకుండా పోయిన ఇంట్లో పిల్లలకు ఏం చెప్పాలన్నది మన పెద్దలు ఏనాడో తేల్చేశారు: ఏమీ చెప్పొద్దు. జగిత్యాల జిల్లాలో హైస్కూల్ టీచర్‌గా ఆ తీర్పును నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి నాకు ఒక అమెరికన్ సస్పెన్స్ నవల పనికొస్తుంది.

డేనియల్ వుడ్రెల్ నవల ‘వింటర్స్ బోన్’ 2006లో వచ్చింది. మిస్సోరీ రాష్ట్రంలోని ఓజార్క్ కొండలు, ఎముకలు కొరికే చలి. రీ డాలీకి 16 ఏళ్ళు. తల్లికి మతి స్థిమితం లేదు, తమ్ముళ్ళిద్దరూ చిన్నవాళ్ళు. మత్తుమందు వండే తండ్రి జెస్సప్ బెయిల్ మీద బయటికొచ్చి మాయమయ్యాడు. పూచీకత్తుగా ఇల్లూ అడవి చెక్కా పెట్టేశాడు. వాయిదాకు రాకపోతే ఇల్లు పోతుంది. చనిపోయాడని రుజువైతే నిలుస్తుంది. అంటే, కన్నతండ్రి చావుకు సాక్ష్యం తెస్తేనే తమ్ముళ్ళ నెత్తిన కప్పు ఉంటుంది.

రీ తలుపు తట్టిన ఇళ్ళన్నీ దాదాపు చుట్టాలవే. పెదనాన్న టియర్‌డ్రాప్ వెతకొద్దని బెదిరిస్తాడు. ఇంకో బంధువు ఆమెను కాలిపోయిన ఒక ఇంటికి తీసుకెళ్ళి, మీ నాన్న ఇందులోనే మసైపోయాడంటాడు. ఆ బూడిదలో గడ్డం ఎత్తున పిచ్చిమొక్కలు లేచి ఉన్నాయి. ఇల్లు తగలబడి చాలాకాలమైందనీ, తనకు అబద్ధం చెప్తున్నారనీ రీ అక్కడికక్కడే పట్టేస్తుంది.

లైబ్రరీ పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి ఈ కథ నోటితో చెప్తుంటాను. మొక్కల సంగతి పూర్తిచేయకముందే ఒక రైతు బిడ్డ అందుకున్నాడు: “గంత చెట్టు ఊకెనే లేస్తదా మేడం?” వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది: “సుట్టాలే గద మేడం, ఎర్కుండి గూడ ఎందుకు చెప్తలేరు?”

నవల ఆయువుపట్టు ఆ ప్రశ్నే. చంపిందెవరో తెలియకపోయినా కథ నడుస్తుంది. తెలిసినవాళ్ళు మొదటి పేజీలోనే నోరు విప్పితే మాత్రం కథే లేదు. మన డిటెక్టివ్ నవలల్లో పరిశోధన పెద్దవాళ్ళ పని. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కారు దిగి, అసిస్టెంట్ రాజుతో కలిసి కేసు తేలుస్తాడు. ఆ ఇంటి పిల్లకు ఎంత తెలుసో, ఎంత దాచారో ఎవరికీ పట్టదు. రీకి యుగంధర్ లేడు. ఆమే వెతకాలి, ఆమే దెబ్బలు తినాలి. చివరికి ఆమెను చావగొట్టిన ఆడవాళ్ళే రాత్రివేళ చెరువులో ఉన్న తండ్రి శవం దగ్గరికి తీసుకెళ్తారు. ఆ ఘట్టాన్ని క్లాసులో ముక్తసరిగా చెప్తాను, ఎగ్గొట్టను.

అదే 2006లో నాన్సీ స్ప్రింగర్ ఎనోలా హోమ్స్ సిరీస్ మొదటి పుస్తకం కూడా వచ్చింది. షెర్లాక్ హోమ్స్‌కు కల్పించిన చెల్లెలు ఎనోలా. సరిగ్గా ఆమె 14వ పుట్టినరోజున తల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. అయితే కూతురికి సంకేతాల పుస్తకం వదిలి వెళ్తుంది. సంకేతాలు విప్పితే ఇంట్లో దాచిన డబ్బు దొరుకుతుంది. ఆ తల్లి గుప్తంగానైనా కూతురితో మాట్లాడింది. అందుకే ఎనోలా తన దారి తాను వెతుక్కోగలిగింది.

మా దగ్గర ఆ మాత్రం మాటా ఉండదు. మా వైపు ఊళ్ళ నుంచి పనికోసం దుబాయి, సౌదీ, మస్కట్ పోయినవాళ్ళలో కొందరి ఫోన్లు ఆగిపోతాయి. కంపెనీ విడిచి కల్లివెల్లి అయ్యారో (కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయారో), జైల్లో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు. ఇంట్లో పిల్లకు మాత్రం ఒకటే జవాబు: “బాపు పండుగకు వస్తడు బిడ్డా.” ఆ పిల్ల నమ్ముతుందనుకుంటారు. ఆమె వాట్సాప్‌లో బాపు చివరిసారి ఎప్పుడు కనిపించాడో చూసుకుంటుంది, ఎంబసీకి పెట్టిన దరఖాస్తు జిరాక్స్ బీరువాలో వెతికి చదువుతుంది. ఒంటరిగా కేసు నడుపుతుంది.

ఈ ఇళ్ళలో కాగితాల బాధ కూడా రీ పడ్డలాంటిదే. మన చట్టం ప్రకారం, సహజంగా కబురు తెలియాల్సినవాళ్ళకు 7 ఏళ్ళు ఏ కబురూ లేకపోతేనే మనిషి చనిపోయాడని కోర్టు భావిస్తుంది. ఈలోగా మరణ ధ్రువీకరణ పత్రం లేక వితంతు పింఛను రాదు, పట్టా వారసుల పేరుకు మారదు. ఆ ఏళ్ళలోనే పిల్ల పది పాసవుతుంది, ఇంటర్ పాసవుతుంది. తెలుగులో ఇలాంటి నవల రాయగలిగినవాళ్ళు కల్పించాల్సింది చాలా తక్కువ.

ఇలాంటి కథలు పిల్లల్ని భయపెడతాయని తోటి టీచర్లే అంటారు. తండ్రి నంబరు స్విచాఫ్ వస్తున్న పిల్లకు భయం పుస్తకం నుంచి రావాలా? సస్పెన్స్ నవల ఆ భయానికి ఒక వరస ఇస్తుంది: ఇది తెలుసు, ఇది తెలియదు, ఫలానావాళ్ళను అడగాలి. తన ఈడు పిల్ల అడగడం చూస్తే, అడగడం తప్పు కాదని తెలుస్తుంది.

స్కూల్ లైబ్రరీకి పుస్తకాలు ఎంచేవాళ్ళు నీతికథల పక్కన ఇలాంటివీ కొనాలి. తెలుగులో లేనివి రాయించాలి. ఇళ్ళలో పెద్దలు పండుగ మాట మానేసి, ఆఖరి ఫోన్ ఎప్పుడొచ్చిందో, ఎవరికి దరఖాస్తు పెట్టారో, ఏ జవాబు వచ్చిందో పిల్లను కూర్చోబెట్టి చెప్పాలి. ఎలాగూ వెతుకుతున్న పిల్లకు తప్పుడు దారి చూపకపోతే, అదే పెద్ద సాయం.