దస్తఖత్‌కు ముందు ఒక శర్త్

మా నానీమాకి సినిమాల షౌక్ పెద్దగా ఉండేది కాదు. మార్కాపురంలో పలకల కార్ఖానాకి పోయి వచ్చేసరికే ఒళ్లు హూనమయ్యేది. కానీ 'రోజులు మారాయి' మాట వస్తే మాత్రం ముఖం వెలిగిపోయేది. "ఏరువాక పాటకి ఆడిన పిల్ల మన పిల్లే బేటా, వహీదా" అనేది, మా ఖాలా కూతురి గురించి చెప్పినట్టు.

ఆ సినిమా 1955లో వచ్చింది. తాపీ చాణక్య డైరెక్షన్. అక్కినేని, షావుకారు జానకి జోడీ. వహీదా రెహమాన్ కనిపించేది ఆ ఒక్క పాటలోనే. కొసరాజు మాటలు, మాస్టర్ వేణు వరస, ఆ పిల్ల అడుగు మూడూ కలిసి జనాన్ని ఊపేశాయి. అదే ఏడాది ఎన్టీఆర్ 'జయసింహ'లో కూడా వేసింది. అంటే హిందీ వాళ్లు చూడకముందే ఆమెని చూసింది మన తెలుగు వాళ్లు.

2023లో ఆమెకి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించినప్పుడు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో రెండు రకాల మాటలు వచ్చాయి. "మన ఖౌమ్ బేటీ, మాషా అల్లాహ్" అని కొందరు. "సినిమా వాళ్లని మిసాల్‌గా చూపిస్తారా, తౌబా" అని కొందరు. నేను ఆ బహస్‌లోకి దిగలేదు. మన పిల్లల్ని సినిమాల్లోకి పంపమని ఇక్కడా చెప్పబోవడం లేదు. నాకు కావాల్సింది ఆమె జిందగీలోని ఒక్క రోజు. కాగితం మీద దస్తఖత్ పెట్టాల్సిన రోజు.

ఆమె 1938లో చెంగల్పట్టులో పుట్టింది. దక్కనీ మాట్లాడే ఇల్లు. అబ్బా సర్కారీ అఫ్సర్. బదిలీల మీద విశాఖపట్నంలో కూడా ఉన్నారు. నలుగురు ఆడపిల్లల్లో వహీదా చిన్నది. ముసల్మాన్ పిల్లకి భరతనాట్యం ఏమిటని చుట్టాలు గొణిగితే, హునర్‌లో ఖరాబీ ఉండదు, మనిషి నడతలో ఉంటుందన్నట్టు ఆ తండ్రి జవాబిచ్చారని ఆమే చెప్పుకుంది. ఆ తండ్రి ఆమె టీనేజీలోనే పోయారు. అమ్మీకి ఆరోగ్యం అంతంత మాత్రం. ఇల్లు నడవాలి. అలా తెలుగు సినిమాకి వచ్చింది.

తర్వాత గురుదత్ హైదరాబాద్‌లో ఆమె సంగతి విని, బొంబాయికి పిలిపించారు. 'సి.ఐ.డి.' సినిమా, మూడేళ్ల కాంట్రాక్టు. అక్కడ మొదట వచ్చిన మాట పేరు మార్చుకోమని. అప్పటికే యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు, మహజబీన్ మీనాకుమారి అయింది, ముంతాజ్ మధుబాల అయింది. ఇది రివాజే కదా అన్నారు. ఈ పిల్ల, మా అమ్మీ అబ్బా పెట్టిన పేరు, మార్చను అంది.

అంతటితో ఆగలేదు. నాకు నచ్చని బట్టలు వేసుకోను, ఆ మాట కాగితంలో రాయండి అంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు పెద్ద డైరెక్టర్లు. ఈమె వయసు ఎంత? పద్దెనిమిది కూడా నిండలేదు కాబట్టి దస్తఖత్ అమ్మీయే పెట్టాలి. మేము అలాంటి సినిమాలు తీసేవాళ్లం కాదమ్మా అన్నారు వాళ్లు. తీయనప్పుడు రాయడానికి ఏమి తక్లీఫ్? కొన్ని రోజులు ఆలోచించి చివరికి ఒప్పుకున్నారు.

ఆ కాగితం ఊరికే పోలేదు. 'సి.ఐ.డి.' షూటింగ్‌లోనే ఒక పాటకి ఇచ్చిన పలచటి బ్లౌజ్ వేసుకోనంది, పని ఆగింది. తర్వాత మళ్లీ అదే గురుదత్‌తో 'ప్యాసా', 'కాగజ్ కే ఫూల్', 'చౌదవీ కా చాంద్', 'సాహిబ్ బీబీ ఔర్ గులామ్' చేసింది. శర్త్ పెట్టినందుకు రిష్తా చెడలేదు. 'గైడ్'కి ఫిల్మ్‌ఫేర్, 'రేష్మా ఔర్ షేరా'కి నేషనల్ అవార్డు, చివరికి ఫాల్కే, అన్నీ అబ్బా పెట్టిన పేరు మీదే వచ్చాయి.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను.

గిద్దలూరులో మా ఆపా పెద్ద కూతురి నిఖా. పిల్ల డిగ్రీ అయింది, బీఎడ్ చేయాలని ఆశ. రిష్తా మాట్లాడేటప్పుడు మగపిల్లవాడి తరఫు పెద్దలు, "చదివిస్తాం భాయ్, అదొక పెద్ద బాతా?" అన్నారు. మేము ఖుష్. బిర్యానీలో గోష్త్ ఎంత, దావత్‌కి ఎంతమంది, పందిరి ఎవరిది అని రాత్రులు కూర్చుని లెక్కలు వేశాం. చదువు సంగతి మాత్రం జబాన్ మీదే వదిలేశాం. నిఖాలో గవాహ్‌ని నేనే. ఖాజీ సాహెబ్ రిజిస్టర్ ముందు పెడితే చదవకుండానే దస్తఖత్ పెట్టాను.

మూడు నెలలు తిరక్కుండా, "ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అన్నారు. పెద్దమనుషులు కూర్చున్నారు. మేము అలా అనలేదే అన్నారు వాళ్లు. ఆ రాత్రి పిల్ల నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "మామూ, మీరే కదా గవాహ్. దేనికి గవాహ్?"

నా దగ్గర జవాబ్ లేదు. కాగితంలో ఉన్నది మెహర్ రకం, రెండు పేర్లు, తారీఖు.

నిఖా మన దీన్‌లో ఒక అఖ్ద్, అంటే ఒప్పందం. అప్పు ఇచ్చిపుచ్చుకుంటేనే రాసుకోమని సూరె బఖరాలో హుకుం ఉంది. నిఖా కోసం ఒప్పుకున్న శర్తులే అన్నిటికన్నా ముందు నెరవేర్చాల్సినవని బుఖారీలో హదీస్ ఉంది. చదువు ఆపకూడదని, ఉద్యోగం మానిపించకూడదని అడగడం గునాహ్ కాదు. ఏ శర్త్ ఎలా రాయాలో, దాని వజన్ ఎంతో ఒక ఆలిమ్‌నీ ఒక వకీల్‌నీ మష్వరా అడిగితే చెప్తారు. మనం జహేజ్ లిస్టు రాయడానికి సిగ్గుపడం, పిల్ల హక్కు రాయడానికి సిగ్గుపడతాం.

"రాయమంటే భరోసా లేనట్టు కాదా, వాళ్లు బురా మాన్తారు" అంటారు. గురుదత్ వాళ్లూ మొదట ఆశ్చర్యపోయారు. ముందు రాసుకున్నారు, భరోసా పనిలో వచ్చింది. ఇంకో మాట: వహీదా అంత ధైర్యం చేసిందంటే పక్కన అమ్మీ కూర్చుని ఉంది. మన పిల్లలకి నోరు లేక కాదు. నోరు తెరిస్తే, "చుప్ బైఠో, పెద్దలు మాట్లాడుతున్నారు" అనేది మనమే.

ఇప్పుడు ఆపా రెండో కూతురికి కంభం నుంచి రిష్తా వచ్చింది. పిల్లవాడు మంచివాడే. ఈసారి నేనే ముందు మాట ఎత్తాను. నర్సింగ్ పూర్తి చేస్తుంది, ఉద్యోగం చేస్తుంది, ఇది నిఖానామాలో రాయాలి అన్నాను. మా బావ ముఖం మాడ్చుకున్నారు. ఆపా మాత్రం మొదటిసారి పిల్ల పక్కన వచ్చి కూర్చుంది. వాళ్లు ఒక వారం టైం అడిగి వెళ్లారు. ఇంకా జవాబ్ రాలేదు.

రాకపోతే ఈ రిష్తా పోతుంది. పోనీ. మా మార్కాపురం పలక మీద ఏమి రాసినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. నోటిమాటా అంతే. ఇంకో పిల్లకి అలాంటి గవాహ్‌గా నేను కూర్చోను.