మందు చల్లు విమానము, మారణాయుధము

పైరుపై మందు చల్లుటకు పుట్టిన విమానమును బాంబులు మోయుటకు మలచుకొనుట నేడు అగ్రరాజ్యములను సైత మాకర్షించుచున్నది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున తయారగు ఎయిర్ ట్రాక్టర్ 802 అను వ్యవసాయ విమానమును మార్చి తమ ప్రత్యేక దళములకు దాడి విమానముగా నొసంగుటకు ఆ దేశపు సైనికాధికారులు 2022 ఆగస్టులో నిర్ణయించిరి. 2025లో దానికి స్కైరైడర్ 2 అని పేరిడిరి. ఇంత చౌకమార్గ ముండగా మన దేశమేల అవలంబింపరాదని పాఠకులలో కొందరికి తోచుట సహజము. కావున ఇందలి గుణదోషములను విచారింతము.

ఈ మార్పు సాధ్యమగుటకు కారణము స్పష్టము. చేలపై మందు చల్లు విమానము దాదాపు మూడువేల లీటర్ల ద్రవమును మోయగలదు. గరుకునేలపై దిగి, స్వల్పదూరములోనే లేవగలదు. చోదకుని ఆసన మెత్తుగా నుండుటచే క్రిందినేల చక్కగ కానవచ్చును. మందుతొట్టి బరువునకు బదులు రెక్కలక్రింద రాకెట్లను, బాంబులను కట్టవచ్చును. చోదకుని చుట్టును, యంత్రమునకును ఉక్కుకవచము తొడుగవచ్చును. జెట్ విమానముతో పోల్చిన దీని నడుపుటకగు వ్యయము మిక్కిలి స్వల్పము. కాని దీని వేగమును స్వల్పమే. శత్రువుకడ యుద్ధవిమానములో, క్షిపణులో ఉన్నచో ఇది ఆకాశమున నిలువజాలదు. అనగా బలవంతునిపై కాక బలహీనునిపైననే ఇది ప్రతాపము చూపగలదు. ఈ సంగతి మరువరాదు.

ఆపత్సమయమున ఇట్టి ఉపాయములు దేశమును కాపాడిన దృష్టాంతములు లేకపోలేదు. 1947 అక్టోబరు 27న శ్రీనగరమునకు మన సైనికులను చేర్చుటలో వైమానిక దళపు డకోటాలతో పాటు ప్రయాణికుల కంపెనీల డకోటాలును పాల్గొనెను. 1971లో నాగాలాండునందలి దిమాపూరున బంగ్లాదేశ్ వైమానికులు మన దేశపు సాయముతో ఒక చిన్నదళమును కూర్చుకొనిరి. వారికి లభించినవి ఒక డకోటా, ఒక ఆటర్, ఒక హెలికాప్టరు మాత్రమే. కెనడాలో మారుమూల ప్రదేశములకు జనులను, సరకులను చేరవేయుటకు పుట్టిన ఆటర్‌కు రాకెట్ల నమర్చిరి. డిసెంబరు 3వ తేది రాత్రి అది చిట్టగాంగునందును, హెలికాప్టరు నారాయణగంజ్‌నందును చమురు నిల్వలపై దాడి చేసెను. డకోటాను మాత్రము సరకుల మోతకే విడిచిరి. వారు స్వాతంత్ర్యమునకై పోరిరి. గత్యంతరము లేక చేసిరి. అందువలన వారిని మెచ్చుకొందుము.

అయితే ఈ విద్య ఒక్క స్వాతంత్ర్యవీరులకే పరిమితము కాదు. 2007 మార్చిలో శ్రీలంకలోని తమిళపులులు చెక్ దేశపు చిన్న జ్లిన్ విమానములకు బాంబులు కట్టి కొలంబో చెంతనున్న కటునాయక వైమానిక స్థావరముపై వేసిరి. 2021 జూన్ 27న జమ్మూలోని మన వైమానిక స్థావరముపై డ్రోనులు ప్రేలుడు పదార్థములను జారవిడిచెను. చౌకమార్గము మనకెట్లు చౌకయో పగవానికిని అట్లే చౌక. మన తెలంగాణ మీ సత్యమును 1948లోనే చవిచూచెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు, లాంకాస్టర్ బాంబు విమానమునుండి ప్రయాణికులకై రూపొందిన లాంకాస్ట్రియన్ విమానములలో, కరాచీనుండి నిజాము ప్రభుత్వమునకు ఆయుధములు తెచ్చిపెట్టెను. ప్రయాణికుల విమానము ఆయుధముల బండియైనచో ఫలమేమి? సెప్టెంబరు 13న పోలీసుచర్య ప్రారంభము కాగానే బీదరు, వరంగల్లు విమానాశ్రయములు భారత వైమానిక దళమునకు గురులైనవి.

పౌరవిమానమునకు కవచము దాని నిరపాయత్వమే. 1983లో కొరియా ప్రయాణికుల విమానమును సోవియట్ యుద్ధవిమానము కూల్చిన పిదప, ఎగురుచున్న పౌరవిమానముపై ఆయుధము ప్రయోగింపరాదని 1984లో అంతర్జాతీయ ఒడంబడికకు సవరణ చేర్చిరి. పౌరవేషమున ఆయుధములు మోయువారు ఆ రక్షణను తామే తెగద్రెంచువారగుచున్నారు. దాని ఫలమును అనుభవించువారు మాత్రము నిరపరాధులైన ప్రయాణికులు.

ఇది ఢిల్లీవారి చర్చ యని గాంధారివాసులు ఉపేక్షింపరాదు. మహిళాసంఘములకు మందు చల్లు డ్రోనుల నిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2023లో ఆమోదించెను. గాంధారి వంటి మండలముల వరి, మొక్కజొన్న చేలపై ఎగురునట్టి యంత్రమే సరిహద్దున బాంబు మోయుచున్నదని ప్రజలకు తోచిన నాడు, రైతు సాధనము అనుమానాస్పద వస్తు వగును. దానిని నడుపు స్త్రీలు పోలీసు ఠాణా మెట్లెక్కవలసి వచ్చును.

కావున మేము కోరునది మూడు విషయములు. సైన్యము అట్టి విమానమును చేకొన్నచో అది సైనికచిహ్నముతోనే, సైనికుల చేతిలోనే ఉండవలెను. 1966 మార్చిలో ఐజాల్ పట్టణముపై మన విమానములే బాంబులు కురిపించినవి. ఇంక నెన్నడును ఇట్టి విమానములను స్వప్రజలపై ప్రయోగింపరాదు. రైతు డ్రోనుల నమోదు సులభముగా, మర్యాదగా జరుగవలెను; నమోదు పేర వేధింపు తగదు.

దేశరక్షణకు వెచ్చించుటకు మేము వెనుదీయువారము కాము. కాని చౌకగా లభించు ఆయుధము చౌకగా ప్రయోగింపబడును. దానిని చేతబట్టుటకు ముందే హద్దు గీయుట వివేకము.