బండ కొట్టే యంత్రమూ, బండ కొట్టే కూలీలూ

వేంసూరు, సత్తుపల్లి ప్రాంతాల వ్యవసాయ కార్మికులకు ప్రొక్లెయిన్ కొత్త కాదు. సత్తుపల్లి దగ్గర సింగరేణి జేవీఆర్ ఓపెన్‌కాస్టు వుంది. 2016 ఫిబ్రవరి 16న శంకుస్థాపన జరిగిన సీతారామ ఎత్తిపోతల కాలువల తవ్వకం చూశాం. ఖమ్మం నుంచి ఆంధ్రలోని దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల నాలుగు వరుసల రహదారి మన మండలం చేలమీదుగానే పోయింది. ఇన్ని పనులు జరిగిన చోట కూలికి కరువు వుండకూడదు. కాని నాట్లు అయిపోయాక, పత్తి ఏరటం అయిపోయాక అడ్డామీద నిలబడే జనం తగ్గలేదు. ఎందుకని?

ఇప్పుడు బండ పనికి వస్తున్న యంత్రాన్ని చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది. ప్రొక్లెయిన్ చేతికి వుండే బకెట్ వూడదీసి, దాని స్థానంలో డ్రిల్లు బిగిస్తున్నారు. (ప్రొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ఇటాచీ అని మనవాళ్లు పిలిచేది జపాను కంపెనీ. ఎవరి బండి అయినా మనకు రెండే పేర్లు.) డ్రిల్లుకు వేరే ఇంజను అక్కర్లేదు. ప్రొక్లెయిన్‌లో వుండే ఆయిలు వత్తిడితోనే అది తిరుగుతుంది, కొడుతుంది. గట్టుమీద నిలబడి లోతు కాలువలోకి చెయ్యి చాపి బెజ్జం వేస్తుంది. నిలువుగా వేస్తుంది, వాలుగా వేస్తుంది, అడ్డంగా కూడా వేస్తుంది. క్యాబిన్‌లో ఒక్క ఆపరేటర్, కింద ఒక హెల్పర్. వరుసగా బెజ్జాలు వేశాక మందు పెట్టి పేల్చవచ్చు. లేదా ఆ బెజ్జాల్లో హైడ్రాలిక్ చీలిక పెట్టి బండను విడదీయవచ్చు. లేదా నీళ్లలో కలిపి పోసే పౌడరుతో చప్పుడు లేకుండా పగలగొట్టవచ్చు. ఆ పౌడరు గంటల్లో వుబ్బి బండను చీలుస్తుంది.

ఇదే పనికి ఇంతకుముందు ట్రాక్టరు కంప్రెషర్ వచ్చేది. ఇద్దరు ముగ్గురు మనుషులు ఇరవై కిలోల పైబడిన జాక్ హామర్‌ను పొట్టకు ఆనించి రోజంతా పట్టుకునేవారు. అంతకుముందు సమ్మెట, ఉలి, గునపం. ఒక తట్ట కంకరకు ఎన్ని దెబ్బలో మన అమ్మలకు తెలుసు. రోడ్డు పక్కన తాటాకు నీడ వేసుకుని, చంటిపిల్లను పక్కన పడుకోబెట్టి, కంకర కొట్టి కుప్పపోసిన ఆడవాళ్లు ఈ జిల్లాలో ఎంతమంది! క్రషర్ వచ్చి ఆ పని తీసుకుపోయింది. ఆ రోజు పత్రికల్లో ఒక్క వార్త కూడా రాలేదు. పోయింది ఆడవాళ్ల కూలి కదా, ఎవరికి పట్టింది?

నాగార్జునసాగర్ సంగతి గుర్తు చేయకుండా వుండలేం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఆ డ్యాము రాతికట్టు. ప్రపంచంలోనే అతి పెద్ద రాతికట్టు డ్యాముల్లో అదొకటి. దాన్ని కట్టింది వేల చేతులు. పాలమూరు కూలీలు, వడ్డెరలు, నెత్తిన రాళ్లు మోసిన ఆడవాళ్లు. ఆ ఎడమ కాలువ నీళ్లే ఖమ్మం జిల్లా పొలాల్లో పారాయి. అప్పుడు దేశం దగ్గర యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇప్పుడు యంత్రాలు ఎక్కువ. మనుషులు తగ్గారా? తగ్గలేదు. మనుషుల లెక్క అడిగేవాళ్లు తగ్గారు.

అయితే యంత్రాన్ని అడ్డుకోవాలా? కొందరు యువకులు మమ్మల్ని అడుగుతున్నారు. అడ్డుకోవాలని మేము అనటం లేదు. సమ్మెట దెబ్బలో గొప్పతనం చూసేవాడు ఒక్కరోజు సమ్మెట పట్టి చూడాలి. జాక్ హామర్ పట్టినవాడి చేతివేళ్లు కొన్నేళ్లకు మొద్దుబారి తెల్లబడతాయి. అన్నం ముద్ద జారిపోతుంది. ఆ పని ఇనుప చెయ్యి చేస్తే సంతోషించవలసిందే. ఇంకో సంగతి కూడా వుంది. ఇళ్ల పక్కన, బడి పక్కన పేలుడు మందు పెట్టటం కంటే బెజ్జాలు వేసి చీల్చటం వందరెట్లు మేలు. 2021 మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది దాకా కూలీలు ముక్కలైపోయారు. ఆ మందును తక్కువ వాడే పద్ధతి ఏదైనా మనకు శత్రువు కాదు.

అమెరికాలో జాన్ హెన్రీ అనే నల్లజాతి కూలీ గురించి ఒక జానపద కథ వుంది. ఆవిరి డ్రిల్లుతో పందెం వేసి, సమ్మెటతో సొరంగం తొలిచి, గెలిచి, అక్కడే పడి చచ్చిపోయాడట. వీరుడే. కాని ఆ పందెం పెట్టింది ఎవరు? మేము ఆ పందెంలోకి దిగదలచుకోలేదు. యంత్రం మిగిల్చిన శ్రమ ఎవరి జేబులోకి పోతున్నదీ, యంత్రం రేపిన దుమ్ము ఎవరి వూపిరితిత్తుల్లోకి పోతున్నదీ, ఈ రెండూ తేల్చుకోవాలి.

మొదట దుమ్ము. గ్రానైటు, ఇసుకరాయి, ఏ రాయిలో అయినా సిలికా వుంటే డ్రిల్లు దాన్ని పిండి చేస్తుంది. ఆ పిండిలో కంటికి కనబడనంత సన్నటిది వూపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. మళ్లీ బయటికి రాదు. దాని పేరు సిలికోసిస్. దానికి మందు లేదు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గటం. చూడటానికి క్షయలాగే వుంటుంది కాబట్టి చాలామందికి టీబీ మాత్రలు ఇచ్చి పంపుతారు. రోగి మాత్రలు మింగుతూనే వుంటాడు, ఆయాసం పెరుగుతూనే వుంటుంది. ఆపరేటర్ అద్దాల క్యాబిన్‌లో వుంటాడు. బెజ్జం మూతి దగ్గర నిలబడేది హెల్పర్. కిందిగాలికి రాళ్లు ఎత్తేది మన కూలీలు. ముక్కుకు తువ్వాల కట్టుకుంటే ఆగే దుమ్ము కాదిది.

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలో 1930-31లో హాక్స్ నెస్ట్ అనేచోట కొండలో సొరంగం తొలిచారు. రాయి నిండా సిలికా. నీళ్లు పోస్తూ డ్రిల్లు వేస్తే పని నెమ్మదిస్తుందని పొడిగానే వేయించారు. వందలమంది చచ్చిపోయారు, ఎక్కువమంది పనికోసం దూరం నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. ఆ పని వెనకున్న కంపెనీ యూనియన్ కార్బైడ్. 1984లో భోపాల్‌లో మన జనాన్ని చంపిన కంపెనీ అదే.

దీన్ని ఆపటానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. డ్రిల్లు మూతి దగ్గర నీళ్లు పడాలి. లేదా దుమ్మును పీల్చి సంచిలో పట్టే యంత్రం డ్రిల్లుకు బిగించి వుండాలి. అది బిగించిన డ్రిల్లులు అమ్ముతున్నారు, కాంట్రాక్టర్‌కు తెలుసు. నీళ్ల ట్యాంకరు ఖర్చు, ఫిల్టరు ఖర్చు తప్పించుకుందామని చూస్తాడు, అంతే. పౌడరు పోసే చోట ఇంకో జాగ్రత్త కావాలి. బెజ్జంలోంచి ఒక్కోసారి ఎగజిమ్ముతుంది. కళ్లు పోతాయి. కళ్లద్దాలు లేకుండా ఎవరూ వంగి చూడవద్దు.

రెండోది కూలి. వడ్డెర అన్నదమ్ములను అడిగి చూడండి. రాయి పొర ఎటు పోతున్నదో, ఎక్కడ దెబ్బ వేస్తే ఎక్కడ విచ్చుకుంటుందో వాళ్లు చెయ్యి వేసి చెపుతారు. యంత్రం వచ్చినా ఆ తెలివి అవసరం పోలేదు. బెజ్జం ఎక్కడ వేయాలి, ఎంత ఎడం, ఎంత వాలు? ఇది తప్పితే డీజిలు తగలబడుతుంది, బండ పగలదు. ఆ తెలివిని ఉచితంగా అడిగి తెలుసుకుని, పని మాత్రం బయట రాష్ట్రాల నుంచి తెచ్చిన ఆపరేటర్‌కు ఇస్తున్నారు. మేము ఆ ఆపరేటర్‌ను తిట్టం. వాడూ కూలీయే. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి చిక్కుకుపోయిన ఎనిమిదిమంది ఎక్కడివారు? జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్ముకాశ్మీర్. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. స్థానికుడు, బయటివాడు అని విడగొట్టటం కాంట్రాక్టర్‌కు లాభం.

కాబట్టి అడగవలసింది ఇది. వడ్డెర, దళిత, గిరిజన యువకులకు డ్రిల్లు ఆపరేటర్ శిక్షణ సర్కారు ఖర్చుతో ఇప్పించాలి. హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వుంది, 1998లో పెట్టారు. దాని శిక్షణ సత్తుపల్లికి రావాలి. ఒక్కో యంత్రం కొనటానికి ఒక్క కుటుంబానికి చేతకాదు. వడ్డెర సహకార సంఘాలకు అప్పు ఇస్తే అద్దె సొమ్ము సంఘానికే వస్తుంది. పెద్దవాళ్లకు కోట్ల రూపాయల యంత్రాలకు బ్యాంకులు అప్పులిస్తున్నాయి కదా.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 2005 ఉపాధి హామీ చట్టం కూలీలను తొలగించే యంత్రాలు వాడవద్దన్నది, కాంట్రాక్టర్లు వద్దన్నది. ఆ నిబంధన రహదారుల జోలికి, కాలువ కాంట్రాక్టుల జోలికి ఎన్నడూ పోలేదు. ఆ చట్టం స్థానంలో వేరే చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. ఇక భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వారికి సంక్షేమ బోర్డు కార్డు ఇవ్వాలన్నది. ఒక శాతం సెస్సు అందుకే వసూలు చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లలో దాన్ని కలిపేశారు. పేరు ఏదైనా, మన కూలీకి అడ్డం పడేది ఆ 90 రోజులే. నాట్లు వేసే మనిషి నెల రోజులు రాళ్లు ఎత్తుతాడు, మళ్లీ మిర్చి కోతకు పోతాడు. సబ్ కాంట్రాక్టర్ పేరు రాసుకోడు, మేస్త్రీ నోటు పుస్తకమే హాజరు పట్టీ. రోజు కూలి అందింది చాలనుకుని మనవాళ్లూ పట్టించుకోరు. పదేళ్ల తర్వాత ఆయాసం వచ్చినప్పుడు "నువ్వు మా దగ్గర పని చేసినట్టు రుజువేది?" అంటారు.

రాజస్థాన్‌లో రాతి గనుల కార్మికులు ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో సిలికోసిస్ విధానం వచ్చింది. జబ్బు ధృవీకరించగానే రోగికి మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? గ్రానైటుకు పేరుమోసిన ఖమ్మం జిల్లా నుంచే ఈ డిమాండ్ లేవాలి.

గ్రామ కమిటీలు వెంటనే చేయవలసిన పని వుంది. మీ వూళ్లోకి డ్రిల్లు ప్రొక్లెయిన్ దిగిందని తెలిసిన రోజే వంద పేజీల నోటుబుక్కు ఒకటి తెరవండి. ఎవరు ఏ తేదీన ఏ పనిలో వున్నారో రాయండి, మేస్త్రీ చేత సంతకం పెట్టించండి. హెల్పర్‌గా పోయిన కుర్రవాడి పేరు మొదట రాయండి. దగ్గర్లో ఇళ్లుంటే పని మొదలవక ముందే గోడలకు, శ్లాబులకు, బావి వొరలకు తేదీ పడేలా ఫొటోలు తీయించండి. పేల్చిన తర్వాత తీసిన ఫొటో చూపిస్తే "పాత పగులే" అంటారు. ఆ ఫొటోల ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. డ్రిల్లు దగ్గర నీళ్లు పడకపోతే పని ఆపమని కలిసి చెప్పండి. ఒక్కరు చెపితే రేపటినుంచి ఆ ఒక్కరిని పిలవరు, అందుకని పదిమంది పోవాలి. దగ్గు, ఆయాసం వున్నవాళ్ల జాబితా రాసి, ఎక్స్‌రే తీయించమని సత్తుపల్లి ఆసుపత్రిలో అర్జీ పెట్టాలి. రాళ్ల పని చేసిన సంగతి చీటీ మీద రాయించకుండా ఎవరినీ తిరిగి రానివ్వవద్దు.