లక్షన్నర వాచీ, నాన్న వాచీ

మొన్న బోనసు పడగానే మా ఆఫీసు మిత్రుడొకడు లక్షన్నర పెట్టి స్విస్ వాచీ కొన్నాడు. అక్కడితో ఆగకుండా "నలభై దాటాం గురూ, ఇంకెప్పుడు కొంటావ్" అని నన్ను పట్టుకున్నాడు. అబద్ధమెందుకు, నాకూ చెయ్యి దురదపెట్టింది. ఈఎంఐ ఎంతవుతుందో కూడా చూసేశాను. ఇక లెక్కల్లోకి దిగాను.

ముందు టైం సంగతి. ఇప్పటి మెకానికల్ వాచీల్లో చాలావాటికి బ్యాలెన్స్ వీల్ సెకనుకి నాలుగుసార్లు ఊగుతుంది. క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ప్రోగ్రామర్లకి ఈ అంకె చూడగానే వెలిగుండాలి, రెండుని పదిహేనుసార్లు హెచ్చవేస్తే వచ్చేది అదే. స్విస్ క్రోనోమీటర్ పరీక్ష పాసైన మెకానికల్ వాచీకి సగటున రోజుకి 4 సెకన్లు తగ్గినా, 6 సెకన్లు పెరిగినా మాఫీ. 1989లో వచ్చిన ప్లాస్టిక్ కాసియో ఎఫ్-91డబ్ల్యూకి నెల మొత్తానికీ తేడా 30 సెకన్లే!

తమాషా ఏంటంటే, 1969 డిసెంబర్ 25న జపాన్‌లో మొదటి క్వార్ట్జ్ చేతివాచీ సీకో ఆస్ట్రాన్ వచ్చినప్పుడు దాని ఖరీదు 4,50,000 యెన్లు. అప్పట్లో ఆ డబ్బుకి కారొచ్చేది. అంటే ఒకప్పుడు డబ్బు పోస్తేనే కచ్చితమైన టైం. ఇప్పుడు అన్నిటికంటే చవకైనది అదే. మరి లక్షన్నర దేనికి?

"పెట్టుబడి" అన్నాడు మావాడు. ఏవో కొన్ని మోడళ్ళకి తప్ప, షాపు గుమ్మం దాటగానే రేటు పడిపోతుంది. పైగా కొన్నేళ్ళకోసారి సర్వీసింగు ఖర్చు.

"పోనీ, నీ కొడుక్కి ఇవ్వొచ్చు కదా" అన్నాడు. ఇక్కడ మాత్రం ఆగిపోయాను. బీరువా సొరుగులో మా నాన్న హెచ్ఎంటీ ఉంది. రేడియోలో పొద్దుటి వార్తలు మొదలవగానే కీ ఇచ్చి, ముల్లు సరిచేసుకునేవారు. ఆ కంపెనీ వాచీల వ్యాపారం మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది కూడా. వాచీ మాత్రం అలాగే ఉంది. బాగుచేయిస్తే ఏడొందలైంది. లక్షన్నర వాచీలో ఊగే చక్రమే ఇందులోనూ ఊగుతోంది, కాస్త నిదానంగా. తరతరాలకీ ఇచ్చే వస్తువు అవ్వడానికి రేటుతో పనిలేదన్నమాట.

అలాగని ఖరీదైన వాచీ కొన్నవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళని కాదు. ఆ చిన్న చక్రాల పనితనమంటే పిచ్చి ఉండి, చేతిలో మిగులు డబ్బుంటే హాయిగా కొనుక్కోండి. అప్పు చేసి మాత్రం వద్దు. కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని ఎవరికీ చూపించకూడదంటే కొంటానా? నేనైతే కొననని తేలిపోయింది. కాస్త సిగ్గేసింది కూడా.

నాన్న వాచీ రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది. పొద్దున్నే కీ ఇచ్చి సరిచేస్తున్నాను. "దేన్ని చూసి సరిచేస్తున్నారు?" అంది మా ఆవిడ.

ఫోన్ చూసే.